నోటు రాయడం చివరి పేరా నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. ఆర్డీవో కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఏడు నెలలైందన్నారు. అధికారి నిర్ణయం కోసం ఫైలులో మీరు రాసిన నోటు ప్రతిదీ సూపరింటెండెంట్ గారి దగ్గరే ఆగి వెనక్కి వస్తోంది. ఆయన కారణం చెప్పరు, ‘చర్చించండి’ అని ఒక్క మాట రాసి పంపుతారు. ఇంగ్లిషు సరిగా రాకపోవడమే లోపమేమోనని మీకు అనుమానం. పేర్లు తుడిచేసి ఒక నోటును కూడా జతపరిచారు, అది మంచి పని చేశారు. నోటు చూడకుండా సలహా చెప్పడమంటే నాడి పట్టకుండా మందివ్వడమే.

నేను రెవెన్యూ శాఖలో ముప్పైరెండేళ్లు పనిచేశాను. మీలాగే జూనియర్ అసిస్టెంటుగా చేరాను, పరిపాలనాధికారిగా పదవీ విరమణ చేశాను. చివరి పదేళ్లూ నేను రాసింది తక్కువ, ఇతరులు రాసింది చదవడమే ఎక్కువ. రోజుకు నలభై ఫైళ్లు వచ్చేవి. కాబట్టి మీ తరఫున ఎంత మాట్లాడగలనో మీ సూపరింటెండెంట్ గారి తరఫున కూడా అంతే మాట్లాడగలను. మీ ఇంగ్లిషుకూ దీనికీ సంబంధం లేదు. మీరు పంపిన నోటు తెలుగులోనే ఉంది, అయినా వెనక్కి వచ్చింది కదా!

ఆ నోటు ఇది. చదివేవారికి తెలియాలని మళ్లీ ఇక్కడ పెడుతున్నాను.

“సూచికలో పేర్కొనబడిన అర్జీదారు తన కుమార్తె జననము నమోదు కాలేదనియు, నమోదు చేయుటకు ఉత్తర్వులు ఇవ్వవలసినదిగా కోరుచూ అర్జీ సమర్పించియున్నారు. సదరు అర్జీని విచారణ నిమిత్తం తహసీల్దారు వారికి పంపగా, సదరు తహసీల్దారు విచారణ జరిపి నివేదిక సమర్పించియున్నారు. సదరు నివేదికలో అర్జీదారు పేర్కొన్న విషయములు వాస్తవమని తెలియజేసియున్నారు. కావున తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.”

వ్యాకరణం బాగానే ఉంది. కానీ దీన్ని చదివిన అధికారి దేని మీద సంతకం పెట్టాలి? ఆ అమ్మాయి ఏ తేదీన పుట్టింది? ఎక్కడ పుట్టింది? ఈ కార్యాలయానికి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? తహసీల్దారు దేని ఆధారంగా ‘వాస్తవం’ అన్నారు? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ‘తగు ఉత్తర్వులు’ అంటే మీ ఉద్దేశంలో ఇవ్వాలనా, వద్దనా? మీరు ఫైలు చరిత్ర చెప్పారు, ఏ కాగితం ఎక్కడికి వెళ్లి ఎప్పుడు వచ్చిందో చెప్పారు. ఆ సంగతి తపాలు రిజిస్టరులోనే ఉంది. అధికారికి కావలసింది చరిత్ర కాదు, నిర్ణయం తీసుకోవడానికి ఆధారం. మీ సూపరింటెండెంట్ ‘చర్చించండి’ అని రాయడానికి కారణం ఇదే. ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసే ఓపిక లేక నోటితో అడుగుదామనుకున్నారు.

ఇక పద్ధతికి వస్తాను. నోటు రాసేటప్పుడు చివరి పేరా ముందు రాయండి. ‘ఫలానా చేయవచ్చు, ఆమోదం కోసం’ అనే ఆ రెండు వాక్యాలను ముందు చిత్తు కాగితం మీద పెట్టండి. అవి రాయలేకపోతున్నారంటే మీరు ఇంకా ఫైలు చదవలేదని అర్థం, లేదా చదివారు కానీ ఆలోచించలేదని అర్థం. అప్పుడు కలం పక్కన పెట్టి మళ్లీ కరెంట్ ఫైలు, అంటే అర్జీ, నివేదికల లాంటి కాగితాలున్న భాగం, తెరవండి. నేను చూసిన వందల మంది కొత్తవాళ్లలో రాయడం రానివాళ్లు చాలా తక్కువ. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే రాయడం మొదలుపెట్టేవాళ్లే దాదాపు అందరూ. తేలని సంగతిని కప్పిపుచ్చడానికే ‘సదరు’లూ ‘తగు’లూ పుట్టుకొస్తాయి.

మీ ఫైలునే తీసుకుందాం. పుట్టి ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, సెక్షన్ 13(3) ప్రకారం మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. 2023లో ఈ చట్టాన్ని సవరించారు, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ ఉత్తర్వు ఇవ్వగలిగేది జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. అంటే మీ ఆర్డీవో గారు సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో సంతకం పెడతారు. పెట్టే ముందు ఆయన మనసులో మెదిలే ప్రశ్నలు నాలుగే. జననం మన డివిజన్ పరిధిలో జరిగిందా? ఇంతకు ముందే ఎక్కడైనా నమోదైందా? అర్జీలో చెప్పిన తేదీ సరైనదేనా? తల్లిదండ్రులు వీళ్లేనా?

ఒక చిత్తు కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క ఆ నాలుగు ప్రశ్నలు, కుడి పక్క జవాబున్న పేజీ నంబరు. ఇంతే ప్రణాళిక. దీనికి పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాలు పెట్టనివాళ్లు అదే నోటును మూడుసార్లు తిరగరాస్తారు.

మీరు జతపరిచిన పేజీల వివరం చూసి ఆ పట్టిక నేనే వేశాను. పరిధికి, నమోదు కాలేదన్నదానికి, తల్లిదండ్రుల విషయానికి కాగితాలున్నాయి. తేదీ దగ్గర మాత్రం రెండు జవాబులు వచ్చాయి. పాఠశాల రికార్డు, పదో తరగతి మార్కుల మెమో 14.8.1998 అంటున్నాయి. ఆధార్‌లో 1.1.1998 ఉంది. జనవరి 1 అనగానే మనలాంటి వాళ్లకు అర్థమవుతుంది. నమోదు చేసిన రోజున తేదీ చెప్పలేకపోతే, సంవత్సరం మాత్రం తెలిస్తే, జనవరి 1 పడుతుంది. ఊళ్లలో సగం మంది కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టు కనిపించడం వెనక కథ అదే. కానీ మనకు అర్థమైతే సరిపోదు, ఫైలులో ఉండాలి. తహసీల్దారు నివేదిక ఈ తేడాను ముట్టుకోనేలేదు, మీ నోటూ ముట్టుకోలేదు. మీ సూపరింటెండెంట్ గారి కన్ను పడింది అక్కడే అయి ఉంటుంది. నేనైనా అక్కడే ఆగేవాణ్ని.

అంటే చివరి పేరా ‘ఉత్తర్వు ఇవ్వవచ్చు’ కాదు, ‘తహసీల్దారు నుంచి తేదీపై స్పష్టత కోరవచ్చు’ అన్నమాట. ఇది తేలాక మిగతా నోటు దానంతట అదే వస్తుంది. నేను రాస్తే ఇలా రాస్తాను:

“1. ఫలానా గ్రామంలో 14.8.1998న ఇంటి వద్ద పుట్టిన తన కుమార్తె జననాన్ని నమోదు చేయించాలని అర్జీదారు కోరారు (పేజీ 1). పుట్టి ఏడాది దాటినందున 1969 చట్టం సెక్షన్ 13(3) కింద ఉత్తర్వు అవసరం.

2. గ్రామ రిజిస్టర్లలో ఈ జననం నమోదు కాలేదని పంచాయతీ కార్యదర్శి ధ్రువపత్రం ఇచ్చారు (పేజీ 5). జననం ఆ గ్రామంలోనే జరిగిందని, తల్లిదండ్రుల వివరాలు సరైనవేనని ఇద్దరు ఇరుగుపొరుగువారి వాంగ్మూలాలు తీసుకుని తహసీల్దారు నివేదించారు (పేజీలు 7 నుంచి 10).

3. పుట్టిన తేదీలో తేడా ఉంది. పాఠశాల రికార్డులోను, పదో తరగతి మెమోలోను 14.8.1998 ఉంది (పేజీలు 11, 12). ఆధార్‌లో 1.1.1998 ఉంది (పేజీ 13). తహసీల్దారు నివేదికలో ఈ తేడా ప్రస్తావన లేదు.

4. పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు అసలు ప్రతిని పరిశీలించి, సరైన తేదీ ఏదో ఏడు రోజుల్లో నివేదించాలని తహసీల్దారును కోరవచ్చు. ముసాయిదా మెమో జతపరిచాను. ఆమోదం కోసం.”

మీ నోటుకన్నా ఇది పొడవే. పొడవు తప్పు కాదు. చదివేవారు కరెంట్ ఫైలు తిరగేయకుండానే విషయం తెలిసింది, అనుమానం వస్తే ఏ పేజీ చూడాలో తెలిసింది, ఏం చేయాలో తెలిసింది, సంతకానికి మెమో కూడా సిద్ధంగా ఉంది. ముసాయిదా జతపరచడం మరిచిపోకండి. నోటు ఆమోదమయ్యాక ముసాయిదా పెడతామనుకుంటే ఫైలు మరో చుట్టు తిరగాలి. ఒక చుట్టుకు మన కార్యాలయాల్లో ఎంత కాలం పడుతుందో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది.

ఇక రాసేటప్పుడు. మొదటి ముసాయిదా వేగంగా రాసేయండి, మాట కోసం ఆగకండి. మీకు ఈ-ఆఫీస్ ఉంది, అంటే ఫైళ్లు కంప్యూటరులోనే నడుస్తాయి కాబట్టి పసుపు నోటులో రాసుకోండి. అది చిత్తు, ఎన్నిసార్లయినా దిద్దవచ్చు, తీసేయవచ్చు. ఆకుపచ్చ నోటుగా మార్చి పైకి పంపాక ఇక చెరపలేరు. చాలామంది నేరుగా ఆకుపచ్చలోనే మొదలుపెడతారు, తరువాత ‘పై పేరాలో 1998 అని చదువుకోగలరు’ అంటూ ఇంకో నోటు పెడతారు. మా రోజుల్లో స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీసేవాళ్లం. స్టెన్సిల్ మీద తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి, ఆరేదాకా ఊదుతూ కూర్చోవాలి. అందుకే టైపుకు ఇచ్చే ముందే పదిసార్లు చూసుకునేవాళ్లం. దిద్దడం సులువయ్యాక చూసుకోవడం తగ్గింది, ఏం చేస్తాం. ఇంకో మాట: పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు నుంచి తెలుగును ఈ-ఆఫీస్‌లోకి తెచ్చి అతికిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి. యూనికోడ్‌లోనే టైపు చేయడం అలవాటు చేసుకోండి.

మాటల సంగతి. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అనే వాక్యం మీద నాకు పాత పగ ఉంది. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అనే మూడింటినీ ఒకేసారి మింగేసే వాక్యం అది. ఇలాంటి మెమో అందుకున్న కింది కార్యాలయం ఏం చేస్తుందో తెలుసా? అదే వాక్యంతో ఇంకా కిందికి పంపుతుంది. చివరికి అది గ్రామ రెవెన్యూ అధికారి సంచిలో నిద్రపోతుంది. ‘ఫలానా సర్వే నంబరులో ఆక్రమణ ఉందో లేదో స్వయంగా చూసి, స్కెచ్‌తో సహా ఈ నెల 20లోగా నివేదించండి’ అని రాస్తే తప్పించుకోవడం కష్టం. ‘సదరు’ను నేను నిషేధించను. ఒకే పేరా లోపల ఒక మనిషిని రెండోసారి చెప్పాల్సి వచ్చినప్పుడు అది పనికొస్తుంది. ముగ్గురు తహసీల్దార్లున్న నోటులో ‘సదరు తహసీల్దారు’ అంటే మాత్రం ఎవరో దేవుడికే తెలియాలి. ‘చేయడమైనది’, ‘తెలియజేయబడినది’ లాంటి వాటిలో చేసినవాడు మాయమవుతాడు. కొందరు కావాలనే మాయమవుతారు, మీకు ఆ అవసరం లేదు. ‘తహసీల్దారు చూశారు’, ‘అర్జీదారు చెప్పారు’, ‘ఈ కార్యాలయం అడిగింది’ అని రాయండి. ‘చెప్పారు’కూ ‘చూశారు’కూ మధ్య ఉన్న తేడాలోనే సగం విచారణ ఉంటుంది.

తెలుగా ఇంగ్లిషా అని కూడా అడిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. కాబట్టి తెలుగులో రాస్తే ఎవరూ కాదనలేరు. అయినా నేను చట్టం చూసి కాదు, చదివేవారిని చూసి నిర్ణయించమంటాను. అర్జీదారుకు వెళ్లే కాగితం తెలుగులోనే ఉండాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. హైకోర్టు కేసుకు పేరావారీ వివరాలు, అంటే పిటిషన్‌లోని ఒక్కో పేరాకు మన జవాబు, పంపేటప్పుడు ఇంగ్లిషు తప్పదు. అప్పుడు కూడా ముందు తెలుగులో ఆలోచించి, చిత్తు తెలుగులో రాసుకోండి. విషయం స్పష్టంగా ఉంటే చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలు చాలు, ఎవరూ నవ్వరు.

నోటుకన్నా ఉత్తర్వు ముసాయిదా దగ్గర పదింతలు జాగ్రత్త అవసరం, ముఖ్యంగా అర్జీని తిరస్కరిస్తున్నప్పుడు. ‘పరిశీలించగా అర్హత లేనందున తిరస్కరించడమైనది’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు మనవాళ్లు. కారణాలు నోట్ ఫైలులో ఉన్నాయి కదా, కోర్టుకు వెళితే అక్కడ దాఖలు చేసే జవాబులో, అంటే కౌంటరులో, చెప్పుకుందాం అని ధీమా. మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. చట్టం ఇచ్చిన అధికారంతో జారీ చేసిన ఉత్తర్వు నిలబడేదీ పడేదీ అందులో రాసిన కారణాలతోనే, తరువాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు జోడించి దాన్ని నిలబెట్టలేరు అంది. ఉత్తర్వులు పాతబడే కొద్దీ రుచి పెరిగే మద్యం లాంటివి కావని జస్టిస్ కృష్ణయ్యర్ అందులో ఒక చమత్కారం కూడా విసిరారు. కాబట్టి ఏ కాగితం లేదు, ఏ నిబంధన అడ్డొచ్చింది, ఎవరికి ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు అన్నది ఉత్తర్వులోనే ఉండాలి. సమాచార హక్కు జవాబులకూ ఇదే వర్తిస్తుంది. 2005 చట్టం ప్రకారం ముప్పై రోజుల గడువు ఉంది కదా అని ఇరవై తొమ్మిదో రోజున ‘ఇవ్వడం వీలుకాదు’ అని రాసి పంపితే సరిపోదు. నిరాకరిస్తే కారణమూ, అప్పీలు గడువూ, అప్పీలు అధికారి వివరాలూ చెప్పాలని ఆ చట్టమే అంటోంది. అన్నట్టు, అదే చట్టం కింద మీ నోట్ ఫైలు నకలును కూడా జనం అడగవచ్చు. సహోద్యోగి మీద కోపం నోటులో చూపించే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

సరిచూడటం గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. చేరిన మూడో ఏడు. ఒక రైతు భూమికి సంబంధించిన ఉత్తర్వు (ప్రొసీడింగ్స్) ముసాయిదా నేనే రాశాను. సర్వే నంబరు 141/2 బదులు 114/2 అని పడింది. నోటులో సరిగానే ఉంది, ముసాయిదాలో తారుమారైంది. సూపరింటెండెంట్ చూడలేదు, అధికారి చూడలేదు, టైపిస్టు ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు పంట రుణానికి వెళితే, ఈ భూమి మీది కాదన్నారట. సవరణ ఉత్తర్వు రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ సీజన్‌కు ఆయన బయట వడ్డీకి తెచ్చుకున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పటి నుంచి అంకెలను నేను కంటితో సరిచూడను. పక్క సీటు వాళ్లను పిలిచి అసలు కాగితంలోని అంకెను పైకి చదవమంటాను, నా కన్ను ముసాయిదా మీద ఉంటుంది. ‘నూట నలభై ఒకటి బై రెండు’ అని చెవిన పడినప్పుడు 114 దాక్కోలేదు. ‘ఒకటి నాలుగు ఒకటి’ అని విడివిడిగా చదివితే మళ్లీ జారిపోతుంది, సంఖ్యగానే చదవాలి. తేదీలు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, రూపాయలు, ఇంటిపేర్లు. ఈ అయిదూ ఇలా చూశాకే ముసాయిదా పైకి వెళ్లాలి. తోడు ఎవరూ దొరకని రోజున అంకెలను చివరి నుంచి మొదటికి చూసుకుంటూ వస్తాను.

దీనికన్నా ప్రమాదం పాత ఫైలు నకలు. పాత ఉత్తర్వు తెరిచి పేరు మార్చి పంపేయడం అందరూ చేస్తారు, నేనూ చేశాను. మొదటి పేరాలో పేరు మారుతుంది, మూడో పేరాలో పాత అర్జీదారు అలాగే కూర్చుని ఉంటారు. సవరించకముందు నాటి సెక్షన్ పదాలు కూడా అలాగే వస్తాయి. మీ జనన నమోదు ఫైళ్లలో ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే 2023 ముందు ఉత్తర్వుల నమూనాలే ఇంకా చాలా కంప్యూటర్లలో ఉన్నాయి. నమూనా నుంచి వరుసను తీసుకోండి, వాక్యాలను తీసుకోకండి.

అంకెలు అయ్యాక ఇంకొక్కసారి చదవండి, ఈసారి మీలా కాదు, ఆ కాగితం అందుకునే మనిషిలా. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఎవరో చదివి వినిపిస్తుంటే ఆ తల్లికి తాను తరువాత ఎక్కడికి వెళ్లాలో అర్థమవుతుందా? వీలైతే ఒక రాత్రి ఆగి పొద్దున్నే చదవండి. అత్యవసరమైతే మధ్యాహ్న భోజనానికి ముందు రాసి తరువాత చూడండి. ఆ మాత్రం విరామం కూడా పనిచేస్తుంది.

‘చర్చించండి’ అని వచ్చినప్పుడు ఫైలు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడకండి. ఆ నాలుగు ప్రశ్నల చిత్తు కాగితం తీసుకెళ్లండి. “సార్, తేదీ దగ్గర తేడా ఉంది, నేను రాయలేదు, తహసీల్దారును అడగమంటారా?” అని మీరే మొదలుపెట్టండి. ఎర్ర గీత గీసేవాళ్లలో చాలామందికి అడిగితే నేర్పే ఓపిక ఉంటుంది, అడక్కుండా చెప్పే తీరికే ఉండదు. కొందరికి ఆ ఓపిక కూడా ఉండదు, నిజమే. అలాంటివారి దగ్గర కూడా ఆ చిత్తు కాగితం మీకు రక్షణే.

పేజీల వివరంలో ఒక మాట రాశారు, పదకొండో పేజీలో పాఠశాల రికార్డు జిరాక్సు మీద హెడ్మాస్టర్ ముద్ర సగమే పడిందని, కింద తేదీ లేదని. రేపు వెళ్లగానే ముందు దాని సంగతి చూడండి. తహసీల్దారుకు పంపే మెమోలో అడ్మిషన్ రిజిస్టరు పరిశీలనతో పాటు, ముద్రా తేదీ ఉన్న ధ్రువీకృత ప్రతి పంపాలని ఇంకో వాక్యం చేర్చండి. లేకపోతే ఏడు రోజుల తరువాత అదే జిరాక్సు మళ్లీ మీ బల్ల మీదికి వస్తుంది.